వేగము, చలానా, భీమా

మోటారు బండి ఒకప్పుడు మన గ్రామములలో కలవారి వాకిట మాత్రమే కనబడెడిది. నేడు బట్లహళ్ళి చుట్టుప్రక్కల తెలుగు కుటుంబములలో రెండు చక్రముల బండియైనను లేని యిల్లు అరుదు. టమాటాలు చింతామణి మార్కెటుకు పోవలెనన్నను, పట్టుగూళ్ళు శిడ్లఘట్టకు చేరవలెనన్నను, మదనపల్లెలో బంధువుల యింట శుభకార్యమునకు పోవలెనన్నను, బెంగళూరులో కొలువు చేయు పిల్లలు పండుగకు ఇల్లు చేరవలెనన్నను, బండియే ఆధారము. ఆ బండితోపాటు మన యిండ్లకు రెండు కాగితములు వచ్చి చేరినవి. ఒకటి ఏటేట కొనవలసిన భీమా పాలసీ. రెండవది, ఎప్పుడు వచ్చునో తెలియని చలానా.

ఈ రెండింటి నడుమ సంబంధమేమి? అతివేగమునకు జరిమానా పడినచో మరుసటి యేడు భీమా ప్రీమియము పెరుగునా? కట్టకుండ ఊరకుండినచో భీమా చెల్లకుండ పోవునా? ఈ సందేహములు మనవారిలో తరచుగా వినవచ్చుచున్నవి. విదేశములలోనున్న పిల్లలు చెప్పు మాటలు ఈ సందేహములను మరింత పెంచుచున్నవి. అమెరికాలో భీమా సంస్థలు డ్రైవరు పూర్వ చరిత్రను చూచి వెల కట్టును. ఇంగ్లండులో అతివేగమునకు కనీసము నూరు పౌండ్ల జరిమానాతోపాటు లైసెన్సుపై మూడు పాయింట్లు పడును. మూడేండ్లలో పన్నెండు పాయింట్లు చేరినచో బండి నడుపు అర్హతయే పోవచ్చును. అక్కడి పద్ధతియే ఇక్కడను కలదని కొందరు భయపడుచున్నారు. ఇక్కడ అట్టిదేమియు లేదు గనుక చలానాను చించి పారవేయవచ్చునని మరికొందరు ధైర్యపడుచున్నారు. ఆ భయమును సరియైనది కాదు. ఈ ధైర్యమును సరియైనది కాదు. కావున ఈ వారము ఈ విషయమును కొంత విపులముగా పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా చలానా సంగతి. 2019 సంవత్సరమున సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 183వ సెక్షను ప్రకారము అతివేగమునకు కార్ల వంటి తేలిక బండ్లకు 1,000 మొదలు 2,000 రూపాయల వరకును, పెద్ద బండ్లకు 2,000 మొదలు 4,000 రూపాయల వరకును జరిమానా విధింపవచ్చును. పోలీసు ఉద్యోగి రోడ్డుపై నిలిచి బండి నాపవలసిన పని ఇప్పుడు లేదు. కెమెరా తీసిన చిత్రమే సాక్ష్యము. 2021 ఆగస్టున కేంద్ర ప్రభుత్వము చేసిన నియమము ప్రకారము, కెమెరా పట్టిన తప్పునకు నోటీసు పదునైదు దినములలో పంపవలెను. కెమెరాలున్న చోట ఆ సంగతి తెలుపు హెచ్చరిక ఫలకములు ప్రజలకు కనబడునట్లుంచవలెను. ఈ రెండును పౌరునికి రక్షణగా నేర్పడిన నిబంధనలు. వీనిని మనము తెలిసికొనియుండుట మేలు.

నోటీసు వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని డబ్బు కట్టుట కాదు. అది నిజమైన నోటీసగునా కాదా యని చూచుకొనుట. చలానా పేరు చెప్పి వాట్సాప్ ద్వారా ఏపీకే ఫైళ్ళను పంపి, వానిని తెరచినవారి బ్యాంకు ఖాతాలను ఖాళీ చేయు మోసగాండ్రు దేశమంతట బయలుదేరినారు. ప్రభుత్వమువారు చలానాను అట్టి ఫైలుగా పంపరు. పరివాహన్ ఇ-చలాన్ జాలస్థలమున బండి సంఖ్యనో, చలానా సంఖ్యనో చేర్చి, చిత్రము, తేది, స్థలము, వేగము సరిపోల్చుకొనవలెను. అది చేతగానివారు దగ్గరి పోలీసు ఠాణాలో విచారింపవచ్చును. మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

నోటీసు నిజమైనది, తప్పును నిజమైనది అయినచో, గడువులోపల కట్టివేయుటయే ఉత్తమము. చిత్రములోని బండి మనది కాకున్నను, సంఖ్యను తప్పుగా చదివినట్లు కనబడినను, అభ్యంతరము తెలుపు హక్కును, న్యాయస్థానమున వాదించుకొను హక్కును మనకు కలవు. బండి మనదే, నడిపినది మాత్రము వేరొకరయినచో, ఎవరు నడిపిరో చెప్పవలసిన బాధ్యతను చట్టము 133వ సెక్షను యజమానిపై నుంచినది. ఏమియు చేయక మిన్నకుండుట మాత్రము ఎవరికిని మేలు చేయదు. బాకీపడిన చలానాలు బండిని అమ్మునప్పుడు, పేరు మార్చునప్పుడు అడ్డుపడవచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట మన పెద్దలు మెచ్చిన పని కాదు.

ఇక భీమా. మన దేశమున మోటారు భీమా రెండు భాగములుగా నుండును. మన బండివలన పరులకు కలుగు మరణమునకు, గాయమునకు, ఆస్తినష్టమునకు బాధ్యత వహించునది మొదటిది. దీనినే థర్డు పార్టీ భీమా యందురు. చట్టము 146వ సెక్షను ప్రకారము ఇది లేనిదే బండి రోడ్డెక్కరాదు. ఎక్కినచో మొదటిసారి 2,000 రూపాయలు, మరల చేసినచో 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల వరకు కారాగారవాసమును విధింపవచ్చును. దీని ప్రీమియమును భీమా సంస్థలు తమ యిష్టము వచ్చినట్లు నిర్ణయింపజాలవు. కేంద్ర ప్రభుత్వమే ప్రకటించును. 2022 జూన్ 1 నుండి అమలు చేసిన పట్టికలో 1,000 సి.సి. లోపు సొంత కారునకు 2,094 రూపాయలు, 1,000 మొదలు 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, అంతకు మించినదానికి 7,897 రూపాయలు. ఈ పట్టికలో చలానాల ప్రసక్తియే లేదు. పది చలానాలున్న బండికిని, ఒక్కటియు లేని బండికిని ఒకే రేటు.

రెండవ భాగము మన బండికే కలుగు నష్టమునకు సంబంధించినది. ఇది కొనుట యజమాని యిష్టము. దీని ప్రీమియము బండి విలువను, వయస్సును, రిజిస్ట్రేషను అయిన ప్రాంతమును, అన్నిటికంటె ముఖ్యముగా నో క్లెయిము బోనసును అనుసరించి యుండును. కావున అడిగిన ప్రశ్నకు సూటియైన జవాబు ఇది: ఒక చలానా పడినంతమాత్రమున ప్రీమియము పెరుగునను నియమము మన పాలసీలలో లేదు, చలానా బాకీయున్నంతమాత్రమున పాలసీ రద్దు కాదు.

ఇంతటితో ఊరట చెందుట తగదు. అతివేగము వీధి గుమ్మమునుండి కాక మూడు దొడ్డిదారుల వెంట భీమాను చేరుచున్నది. చలానా మనకు చెప్పవలసిన సంగతి నిజమునకు ఇదియే.

మొదటి దారి లైసెన్సు. అతివేగమునకు మొదటిసారి జరిమానాతో పోవును. రెండవసారియు, ఆపైనను పట్టుబడినచో డ్రైవింగు లైసెన్సును స్వాధీనము చేసికొనవలెనని అదే 183వ సెక్షను చెప్పుచున్నది. తరువాత దానిని కొంతకాలము నిలిపివేయుటయు జరుగును. లైసెన్సు నిలిపివేయబడిన కాలమున బండి నడిపి ప్రమాదము చేసినచో ఏమగును? గాయపడినవారికి భీమా సంస్థ ముందు పరిహారము చెల్లించి, పిమ్మట ఆ మొత్తమును యజమానినుండి రాబట్టుకొను పద్ధతిని సుప్రీంకోర్టు 2004లో విపులముగా స్థిరపరచినది. పరిహారములు వేలలో నుండవు, లక్షలలో నుండును. వేయి రూపాయల చలానాతో మొదలైన కథ పొలము అమ్ముకొనుటతో ముగియవచ్చును. లైసెన్సే లేని బాలురకు బండి తాళములిచ్చు తల్లిదండ్రుల సంగతి మరియు ఘోరము. 199ఎ సెక్షను క్రింద వారికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు శిక్షయు కలవు. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును.

రెండవ దారి బోనసు. ఒక సంవత్సరము క్లెయిము చేయనివారికి సొంత నష్టపు ప్రీమియములో నూటికి 20 తగ్గింపు లభించును. అది క్రమముగా 25, 35, 45 అయి, అయిదేండ్లకు 50 అగును. ఒక్క క్లెయిముతో ఇది సాధారణముగా సున్నకు దిగిపోవును. తగ్గింపునకు ముందు సొంత నష్టపు ప్రీమియము ఏటికి 10,000 రూపాయలనుకొందము. సగము తగ్గింపు సంపాదించుకొన్న గృహస్థు 5,000 కట్టుచున్నాడు. అతివేగమున పోయి గట్టునకు తగిలించి ఒక క్లెయిము చేసినాడు. మరుసటి యేడు 10,000, పిమ్మట 8,000, తరువాత వరుసగా 7,500, 6,500, 5,500 కట్టి, ఆరవ యేట గాని మరల 5,000నకు చేరుకొనడు. ఈ అయిదేండ్లలో అధికముగా కట్టినది 12,500 రూపాయలు. ఆ క్లెయిము వలన వచ్చినది ఎనిమిదివేలో పదివేలో అయినచో, లాభమేమి? ప్రీమియము పెంచునది చలానా కాదు. చలానాకు కారణమైన వేగమే. మరియు ఈ బోనసు బండిది కాదు, యజమానిది. పాత బండి నమ్మి క్రొత్తది కొన్నప్పుడు దానిని వెంట తీసికొనిపోవచ్చును. అయితే పాలసీ గడువు తీరిన తొంబది దినములలోపల తిరిగి కట్టనిచో అది పూర్తిగా పోవును. ఈ సంగతి తెలియక పోగొట్టుకొనువారు పెక్కురు.

మూడవ దారి పేరు. మన సరిహద్దు ప్రాంతమునకు దీనితో ప్రత్యేక సంబంధము కలదు. మన వీధులలో కె.ఎ. 40, కె.ఎ. 67 సంఖ్యల బండ్ల సరసనే ఎ.పి. 03, ఎ.పి. 39 సంఖ్యల బండ్లు నిలిచియుండును. బావమరిదివద్దనో, మేనమామవద్దనో, మదనపల్లె తెలిసినవారివద్దనో కొన్న బండి ఏండ్ల తరబడి వారి పేరనే తిరుగుచుండును. బంధువులమే గదా, కాగితములేల యని మనవారి ధోరణి. కాని చలానా కాగితమునే చూచును. నోటీసు పాత యజమాని ఫోనుకు పోవును. నడిపిన వానికి తెలియదు. రెండవ తప్పు, మూడవ తప్పు అతని యెరుక లేకయే పేరుకొనిపోవును.

ప్రమాదమే జరిగినచో ఇంకను కష్టము. రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో వారే యజమాని, వారిదే బాధ్యత యని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనగా ఎన్నడో బండి నమ్ముకొన్న బంధువు, ఎరుగని ప్రమాదమునకు కోర్టు మెట్లెక్కవలెను. థర్డు పార్టీ భీమా బండితోపాటు కొన్నవానికి సంక్రమించినట్లు చట్టము భావించును. కాని సొంత నష్టపు భీమా అట్లు తనంతట సంక్రమించదు. పాలసీ పాత పేరననే యున్నచో కొన్నవానికి ఆ క్లెయిము దక్కదు. యజమాని తానే నడుపునప్పటికై చేయు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద భీమాయు అట్టిదే. అది పాలసీలోని యజమానికి, చెల్లుబాటగు లైసెన్సు అతనికున్నప్పుడు మాత్రమే వర్తించును. తండ్రి పేరనున్న కారును కుమారుడు నడిపి మరణించినచో ఆ పదునైదు లక్షలు ఆ యింటికి రావు. తండ్రి పేర కారు, కుమారుని చేత స్టీరింగు అనునది మన యిండ్లలో ఎంత సామాన్యమో చెప్పనక్కరలేదు.

ఇట్టి విషాదమే మన రాష్ట్రమున జరిగినది. 2014 సంవత్సరమున ఒక వ్యక్తి కుటుంబ సభ్యులతో కారులో పోవుచు, అతివేగముచేత కారు బోల్తాపడి మరణించెను. అతని కుటుంబము 80 లక్షల పరిహారము కోరెను. ట్రిబ్యునలు నిరాకరించెను, కర్ణాటక హైకోర్టు నిరాకరించెను, 2025 జూలై 2న సుప్రీంకోర్టును జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. తన అజాగ్రత్తచేత తానే ప్రమాదము తెచ్చుకొన్నవాని మరణమునకు అతని వారసులు భీమా సంస్థనుండి పరిహారము కోరజాలరనునది దాని సారాంశము. భీమా కట్టితిమి గదా, ఏమైనను డబ్బు వచ్చునని నమ్మువారు ఈ తీర్పును ఒకటికి రెండుసార్లు ఆలోచింపవలెను. అతివేగము ఎదుటి బండివానిది అయినను, మనదియు కొంత కలదని తేలినచో, ఆ మేరకు మనకు రావలసిన పరిహారము తగ్గును. బెంగళూరు-మైసూరు రహదారి వంటి చోట్ల గంటకు 130 కిలోమీటర్లు మించి పోవువారిపై 2024 ఆగస్టు 1 నుండి జరిమానాతో సరిపెట్టక క్రిమినలు కేసు పెట్టుదుమని మన రాష్ట్ర పోలీసులు ప్రకటించిరి. జరిమానా కట్టి మరచిపోవచ్చును. క్రిమినలు కేసు అట్టిది కాదు.

రైతు సోదరులకు ఒక ప్రత్యేక మనవి. టమాటా పెట్టెలపైన కూలివారిని ఎక్కించుకొని వచ్చు సరుకుల బండ్లు మన దారులలో ప్రతి దినము కనబడుచున్నవి. సరుకుల బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు ఆ బండి భీమా వర్తించదని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చినది. అట్టి బండి వేగముగా పోయి బోల్తాపడినచో, గాయపడిన కూలివానికిని నష్టము, యజమానికిని నష్టము. నాలుగు రూపాయల బస్సు చార్జీ కలిసివచ్చునని నలుగురి ప్రాణములతో చెలగాటమాడరాదు.

ఇంతవరకు ఉన్న స్థితి. రాబోవు స్థితి ఏమి? దేశ భీమా నియంత్రణ సంస్థ 2019 సెప్టెంబరున ఒక కార్యవర్గమును నియమించెను. ఆ వర్గము 2021 జనవరిలో బయటపడిన నివేదికలో, ఇప్పుడున్న భాగములకు అదనముగా ట్రాఫిక్ తప్పుల ప్రీమియమును చేర్పవలెనని సూచించెను. మద్యము సేవించి నడిపినచో 100 పాయింట్లు, నిలుపరాని చోట బండి నిలిపినచో 10 పాయింట్లు, ఈ రీతిగా తప్పు తప్పునకు లెక్క కట్టి, యజమానినుండి అదనపు రుసుము వసూలు చేయవలెనని దాని భావము. ముందుగా ఢిల్లీ పరిసరములలో ప్రయోగించి చూడుమనిరి. 2024 నవంబరున ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరు అట్టి పద్ధతినే కోరుచు కేంద్ర ఆర్థిక మంత్రికి లేఖ వ్రాసిరి. అనగా అప్పటికిని అది ఆచరణకు రాలేదనుట స్పష్టము. అయినను ఆ ఆలోచన చాపక్రింది నీరువలె ముందుకు సాగుచునే యున్నది.

ఈ సూచనను మేము మూలతః వ్యతిరేకింపము. జాగ్రత్తగా నడుపువారును, దూకుడుగా నడుపువారును ఒకే వెల చెల్లించుట న్యాయము కాదు. అజాగ్రత్తపరుల భారము జాగ్రత్తపరులపై పడుట ఏ ధర్మమును ఒప్పదు. అయితే అట్టి పద్ధతి రాకముందు కొన్ని నెరవేరవలెనని మేము గట్టిగా చెప్పదలచుచున్నాము. తప్పు నడిపినవానిది, పాయింట్లు యజమానికి. నోటీసు చేరినదో లేదో తెలియనప్పుడు, చేరినను అర్థము కానప్పుడు, దాని నాధారముగా ఏటేట అదనపు రుసుము వసూలు చేయుట సమంజసము కాదు. పదునైదు దినములలో నోటీసు చేరినట్లు రుజువుండవలెను. అభ్యంతరములను విచారించు చోటు బెంగళూరులో కాక తాలూకాలోనే యుండవలెను.

నోటీసు అర్థము కావలెనన్న మాట వచ్చినది గనుక భాష సంగతియు చెప్పవలసియున్నది. కన్నడము మన రాష్ట్ర భాష. మన పిల్లలు దానిని బడిలో నేర్చుచున్నారు. మనము బజారులో, కచ్చేరిలో మాట్లాడుచున్నాము. దానిపై మనకు గల గౌరవమునకు లోటు లేదు. కాని చింతామణి, బాగేపల్లి తాలూకాలలో వృద్ధులైన రైతులు, గృహిణులు పెక్కురికి చదువ వచ్చినది తెలుగు మాత్రమే. కొందరికి అదియు రాదు. చలానా సందేశము ఆంగ్లముననో, కన్నడముననో వచ్చును. ముప్పది దినములలో, పదునైదు దినములలో అను గడువుల మాటలు వారికి చేరనే చేరవు. ఇది క్రొత్తగా కోరు కోరిక కాదు. ఒక జిల్లాలోనో తాలూకాలోనో నూటికి పదునైదుగురికి తక్కువ కాకుండ మాట్లాడు అల్పసంఖ్యాక భాషలో ముఖ్యమైన నియమములను, ప్రకటనలను ప్రచురింపవలెనని 1956నాటి రక్షణల పత్రమే చెప్పినది. ఈ తాలూకాలలో తెలుగువారు ఆ మేరను ఎంతగానో మించియున్నారని అందరును ఎరుగుదురు. మరియు దేశమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ప్రభుత్వమునకు విన్నపము చేసికొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణము ప్రతి వ్యక్తికిని ఇచ్చినది. సంఖ్య తప్పు, చిత్రము తప్పు అని విన్నవించుకొనుటకు భాష రాదను సంకోచము మనవారికి అక్కరలేదు. తెలుగులోనే వ్రాసి ఇయ్యవచ్చును.

ఇదే సందర్భమున ప్రభుత్వమునకు మరొక మాట. 2023 ఫిబ్రవరిలో బాకీ చలానాలను సగమునకే కట్టవచ్చునని ప్రకటింపగా కొలది దినములలోనే నూరు కోట్ల రూపాయలకు మించి వసూలయ్యెను. ఆ పిమ్మటను, 2025 ఆగస్టు 23 మొదలు సెప్టెంబరు 12 వరకును, అదే తగ్గింపు ఇచ్చిరి. ఖజానాకు ఇది లాభమే కావచ్చును. కాని గడువులోపల పూర్తిగా కట్టిన విధేయుడు నష్టపోయి, ఏండ్ల తరబడి కట్టక కూర్చున్నవాడు లాభపడుట ఏమి నీతి? వేచియుండినచో సగమే యగునను పాఠమును ప్రభుత్వమే నేర్పినట్లయినది. తగ్గింపు ఇయ్యదలచినచో మొదటి పక్షములో కట్టినవారికి ఇయ్యవలెను. ఆ విధముగా చేసినచో చలానా తప్పును గుర్తుచేయునది యగును గాని, బేరమాడు సరుకు కాదు.

తుదకు మన విధి. ఈ వారమే ప్రతి కుటుంబమును తమ యింటి బండి కాగితములను ఒకసారి బయటికి తీయవలెనని కోరుచున్నాము. ఆర్.సి. ఎవరి పేరనున్నది? అందులోని ఫోను సంఖ్య ఇప్పుడు వాడుకలోనున్నదేనా? పాలసీలోని పేరును, ఆర్.సి.లోని పేరును ఒకటేనా? గడువు ఎన్నడు తీరును? బాకీ చలానాలు కలవా? కొన్న బండి యైనచో ముప్పది దినములలో పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను. అమ్మినవారును, అదే రాష్ట్రమయినచో పదునాలుగు, వేరు రాష్ట్రమయినచో నలుబదియైదు దినములలో తెలియజేయవలెను. వేరొక రాష్ట్రపు సంఖ్య గల బండి పండ్రెండు నెలలకు మించి ఇక్కడనే యుండినచో ఇక్కడి సంఖ్య తీసికొనవలెను. చదువుకొన్న యువకులు తమ యింటి పెద్దలకే కాక ఇరుగుపొరుగు పెద్దలకును ఈ పనిలో తోడ్పడుదురు గాక. ఇది గంట పని. తప్పించు కష్టము తరములది.

అన్నిటికంటె పైమాట వేగము తగ్గించుకొనుట. 2023 అక్టోబరు 26 వేకువ పొగమంచులో, బాగేపల్లినుండి చిక్కబళ్ళాపురమునకు వచ్చుచున్న ఒక సుమో బండి రోడ్డు ప్రక్క నిలిచిన ట్యాంకరును గుద్దుకొనగా పదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు పొట్టకూటికై బెంగళూరు దారి పట్టిన సరిహద్దు పల్లెల కూలివారు. మన భాష మాట్లాడువారు. ఎవరి తప్పు ఎంత యని తేల్చుట మా పని కాదు. కాని మంచులో, చీకటిలో, నిలిచిన బండ్ల నడుమ మన దారులు ఎట్టివో ఆ వేకువ చెప్పినది. ఏ భీమా సంస్థయు, ఏ న్యాయస్థానమును తిరిగి ఇయ్యలేనిది ఒకటి కలదు. దానికి ప్రీమియము డబ్బు కాదు, నిదానము. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పిన మాట ఎడ్లబండ్ల కాలమునకే కాదు. మోటారు బండ్ల కాలమునకు అంతకు నూరింతలు వర్తించును.